నీడలో నిలిచిన మెడియా: రెంబ్రాంట్ ఎచింగ్‌లో కూర్పు, కాంతి

పుస్తకంలోని ఒక పుట కన్న పెద్దది కాని కాగితం మీద ఒక మహామందిరం కనిపిస్తుంది. ఎత్తు సుమారు 24 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 18. ఆ కొలతల్లోనే స్తంభాలు, కమానులు, మెట్ల వరుస, వేదిక, దాని మీద వివాహాలకు అధిదేవత అయిన జూనో విగ్రహం, మోకరిల్లిన వధూవరులు, పురోహితుడు, చూడవచ్చిన జనం అందరూ ఇమిడి ఉన్నారు. వెలుగంతా వేదిక మీదనే ఉంది. చూపు ఆ వెలుగును అనుసరించి పెళ్లి దగ్గరకు వెళ్లి, అక్కడ కొంతసేపు నిలిచి, తిరిగి కిందికి దిగివచ్చినప్పుడు గాని కుడివైపు మూల, చీకటిలో, ఒక స్త్రీ ఉన్నదని తెలియదు. ఆమె పొడవాటి వస్త్రపు అంచును వెనుక ఒకరు పట్టుకొని ఉన్నారు. ఆమె మెడియా. పైన పెళ్లికొడుకు స్థానంలో ఉన్న జేసన్ ఆమె భర్త.

ఈ ఎచింగ్‌ను డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ (1606–1669) 1648లో చేశాడు. ఆమ్‌స్టర్‌డ్యామ్‌లోని ఒక సంపన్న కుటుంబానికి చెందిన యువకుడు, కవి, కళాభిమాని అయిన యాన్ సిక్స్ రచించిన ‘మెడియా’ విషాదనాటకం ఆ ఏడే అచ్చయింది. దానికోసమే రెంబ్రాంట్ ఈ చిత్రాన్ని సమకూర్చాడు. కథ గ్రీకు పురాణానిది. జేసన్ అనే వీరుడు బంగారు మేషచర్మాన్ని సాధించడానికి కొల్కిస్ రాజ్యానికి వెళ్తాడు. ఆ రాజు కుమార్తె, మంత్రవిద్యలు తెలిసిన మెడియా, అతణ్ని ప్రేమించి, కన్నవారిని కాదని, అతనికి విజయం చేకూర్చి వెంట వచ్చేస్తుంది. వారికి బిడ్డలు కలుగుతారు. కొంతకాలానికి, కొరింత్ రాజు క్రియోన్ కుమార్తె క్రియూసాను పెళ్లాడితే తన స్థితి పదిలమవుతుందని తలచి జేసన్ భార్యను విడిచిపెడతాడు. మెడియా నవవధువుకు విషం పూసిన వస్త్రాన్ని కానుకగా పంపి చంపుతుంది. తన బిడ్డలను తానే చంపుకొంటుంది. క్రీ.పూ. 431లో ఏథెన్స్‌లో ప్రదర్శించిన యూరిపిడీస్ నాటకం ద్వారా, తరువాత రోమన్ రచయితలు ఓవిడ్, సెనెకాల ద్వారా ఈ కథ ఐరోపా సాహిత్యాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి అయింది.

ఇంత భయంకరమైన కథ చేతికి వచ్చినప్పుడు చిత్రకారుడు ఏ ఘట్టాన్ని ఎన్నుకోవాలి? బరోక్ అనే పేరుతో చరిత్రకారులు వ్యవహరించే ఆ యుగపు కళ పరాకాష్ఠను ప్రేమించింది. ఎత్తిన కత్తి, విరిగిపడే కెరటం, సగం తెరిచిన నోరు, మబ్బులను చీల్చుకొని దిగే వెలుగు దానికి ఇష్టమైన వస్తువులు. రెంబ్రాంట్ కూడా యౌవనంలో ఆ దారినే నడిచాడు. 1631 ప్రాంతంలో చిత్రించిన ప్రొసెర్పినా అపహరణంలో ఉరికే గుర్రాలు, పెనుగులాడే కన్య ఉన్నారు. 1635 నాటి వర్ణచిత్రంలో గద్ద ఎత్తుకుపోతున్న గనిమీడ్ భయంతో బిగ్గరగా ఏడుస్తున్న చిన్నపిల్లవాడు. మెడియా కథలోనూ అటువంటి ఘట్టాలకు లోటు లేదు. మంటల్లో చిక్కిన వధువు ఉన్నది. బిడ్డల మీద ఎత్తిన కత్తి ఉన్నది. నాగులు లాగే రథం ఉన్నది. రెంబ్రాంట్ వాటినన్నిటినీ పక్కకు పెట్టి, ఇంకా ఏమీ జరగని ఒక క్షణాన్ని ఎన్నుకొన్నాడు. సిక్స్ నాటకంలో ఈ వివాహం రంగం మీద జరిగే సన్నివేశం కాదు. అంటే చిత్రకారుడు నాటకంలోని దృశ్యానికి బొమ్మ వేయలేదు. నాటకానికి కారణమైన దృశ్యాన్ని తానే కల్పించాడు. నేరం తరువాత వస్తుంది. అన్యాయం ముందే జరిగిపోతున్నది. అదీ దేవత సన్నిధిలో, పురోహితుని చేతుల మీదుగా, పదిమంది సాక్షిగా.

చిత్రపు కూర్పు ఈ ఆలోచనకు తగినట్లే ఉంది. మందిరాన్ని రెండు అంతస్తులుగా చదువుకోవచ్చు. పై అంతస్తు వేదికది. అక్కడ ప్రతి వ్యక్తికీ ఒక నియమిత స్థానం ఉంది. ఎవరు నిలవాలో, ఎవరు మోకరిల్లాలో, ఎవరు దూరంనుంచి చూడాలో ఆచారమే నిర్ణయించింది. కింది అంతస్తు మెట్లది, నేలది. అక్కడ ఆచారం లేదు; ఉన్నది మెడియా ఒక్కతె, వెనుక వస్త్రం పట్టినవారు. ఈ రెండింటినీ కలిపేది మెట్ల వరుస. దానిని చూసినప్పుడు చూపరి మనస్సులో ఒక ప్రశ్న కదలక మానదు: ఆమె ఆ మెట్లెక్కి వెళ్తుందా? బొమ్మలో ఎక్కడా కదలిక లేదు. కాని మెట్లు ఉన్నాయి కాబట్టి కదలిక సాధ్యమే. బరోక్ కళకు ప్రాణమైన ఉద్వేగాన్ని రెంబ్రాంట్ దేహాల మెలికలనుంచి తీసివేసి, కట్టడంలోని దూరంలో పెట్టాడు.

ఇంకొక విశేషం పరిమాణాలకు సంబంధించినది. వేదిక మీది వారు దూరాన ఉన్నందున చిన్నవారుగా కనిపిస్తారు. మెడియా దగ్గరగా ఉన్నందున వారికన్న పెద్దదిగా ఉంటుంది. వెలుగు లెక్కన చూస్తే ఆమె చివరిది. కొలత లెక్కన చూస్తే మొదటిది. చిత్రంలో ప్రాధాన్యాన్ని తెలిపే రెండు సాధనాలు ఇక్కడ ఒకదానికొకటి ఎదురు నిలిచాయి. ఉత్సవం ఎవరిని చూపదలచుకొన్నదో వెలుగు చెబుతున్నది. అసలు కథ ఎవరిదో కూర్పు చెబుతున్నది. ఈ వైరుధ్యమే చిత్రానికి కీలకం.

దీనిని పూర్తిగా గ్రహించాలంటే ఎచింగ్ అనే ప్రక్రియను కొంత తెలుసుకోవాలి. నునుపు చేసిన రాగిరేకు మీద ఆమ్లాన్ని తట్టుకొనే మైనపు పూత పూస్తారు. చిత్రకారుడు సూదితో ఆ పూతను గీరుతూ బొమ్మ వేస్తాడు. రేకును ఆమ్లంలో ఉంచితే పూత తొలగిన చోట్ల లోహాన్ని అది తినివేస్తుంది. అలా సన్నని గాడులు ఏర్పడతాయి. పూతను తొలగించి, గాడులలో సిరా నింపి, పైభాగాన్ని తుడిచి, తడిపిన కాగితంతో కలిపి యంత్రంలో నొక్కితే గాడులలోని సిరా కాగితానికి ఎక్కుతుంది. కుడి ఎడమలు తారుమారవుతాయి. రెంబ్రాంట్ దీనికి తోడు డ్రైపాయింట్ అనే పద్ధతినీ వాడాడు. అందులో ఆమ్లం ప్రసక్తి లేదు. గట్టి సూదితో రాగిని నేరుగా గీస్తారు. గీత పక్కన లేచిన లోహపు రజను సిరాను పట్టి ఉంచి, ముఖమల్ వంటి మెత్తని నలుపును ఇస్తుంది.

ఈ ప్రక్రియలో తెలుపు రంగు లేదు. తైలవర్ణ చిత్రకారుడు వెలుగు కావలసిన చోట తెల్లరంగును దట్టంగా పెట్టగలడు. అక్కడ అతని కుంచె పని చేస్తుంది. ఎచింగ్‌లో వెలుగు అంటే గీయకుండా విడిచిన కాగితమే. చీకటి అంటే గీత మీద గీతగా, అడ్డంగా, ఏటవాలుగా, మళ్లీ దాని మీదుగా, గంటల తరబడి పేర్చిన శ్రమ. కాబట్టి ఈ చిత్రంలో వేదిక మీది కాంతి చేయి తక్కువగా తగిలిన స్థలం. దంపతులు, పురోహితుడు, వారి చుట్టూ ఉన్నవారు పలచని గీతలతో దాదాపు సూచనమాత్రంగా మిగిలారు. మెడియా నిలిచిన మూల మాత్రం చేయి పదేపదే తిరిగివచ్చిన స్థలం. పెళ్లికి వెలుగు దక్కింది; మెడియాకు చిత్రకారుని శ్రమ దక్కింది. ఉత్సవం కంటికి కనబడుతున్నది. నీడ మాత్రం వెదకి చూడవలసి ఉంది, వెదికినవానికి ఎంతో చూపిస్తున్నది. వస్త్రపు బరువు, అంచు వాలు, నడకలోని నిదానం అన్నీ అక్కడే ఉన్నాయి.

డ్రైపాయింట్‌కు ఒక బలహీనత ఉంది. యంత్రంలో నొక్కిన ప్రతిసారీ ఆ లోహపు రజను కొంత అణగిపోతుంది. తొలి ముద్రలలో ఉన్న మెత్తని నలుపు క్రమంగా పలచబడుతుంది. ఒకే రేకునుంచి వచ్చిన రెండు ముద్రలు అందువల్ల ఒకే చిత్రం కావు. పుస్తకాలలో కనిపించే నకళ్లను బట్టి ఇటువంటి చిత్రాల మీద తీర్పు చెప్పడం ఎంత ప్రమాదకరమో దీనివల్ల తెలుస్తుంది. వెలుగు ఎన్ని ముద్రలకైనా చెక్కుచెదరదు, ఎందుకంటే అది ఉత్త కాగితం. ముందుగా చెరిగిపోయేది నీడే.

రెంబ్రాంట్ ఈ రేకును ఒక్కసారి చేసి వదలలేదు. దశలు దశలుగా మార్చాడు. తొలి ముద్రలలో జూనో శిరస్సు మీద కిరీటం లేదు; తరువాతి దశలో వచ్చింది. చిన్న మార్పుగా కనిపించినా దాని అర్థం చిన్నది కాదు. జూనో వివాహబంధాన్ని కాపాడే దేవత. మెడియా వివాహం కూడా ఆమె రక్షణలోనిదే. అదే దేవత ముందు, ఆ వివాహాన్ని భంగపరిచే రెండవ వివాహం జరుగుతున్నది. విగ్రహానికి కిరీటం పెట్టడంతో దేవత అధికారం పెరిగింది. ఆ అధికారపు మౌనం కూడా పెరిగింది. పురాణంలో జూనో భర్త జూపిటర్ పరస్త్రీల వెంట తిరిగేవాడే. వంచితురాలైన భార్యల బాధ తెలిసిన దేవత ఒక వంచకుని పెళ్లికి సాక్షిగా కూర్చొని ఉన్నది. ఇందులోని ఎత్తిపొడుపు చదువుకొన్న ఆనాటి డచ్చి పాఠకునికి అందకుండా ఉండదు.

మరొక దశలో చిత్రం కింద రెంబ్రాంట్ సంతకం, 1648 అనే సంవత్సరం, నాలుగు పంక్తుల పద్యం చేరాయి. పద్యం కథను చెప్పి, విశ్వాసఘాతుకానికి ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో హెచ్చరిస్తుంది. చదివినవానికి అర్థం స్పష్టమే. అయితే పద్యం లేని ముద్రలు కూడా ఉన్నాయి. వాటి ముందు నిలిచినప్పుడు చిత్రానికి ఆ వివరణ అవసరం లేదని తోస్తుంది. భారతీయ అలంకారశాస్త్రంలో ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దంలో వాచ్యార్థానికి, వ్యంగ్యార్థానికి చేసిన విభజన ఇక్కడ ఉపకరిస్తుంది. ఈ చిత్రపు వాచ్యం ‘జేసన్, క్రియూసాల వివాహం’. వెలుగులో ఉన్నదంతా దానినే చెబుతున్నది. వ్యంగ్యం చీకటిలో ఉంది. అది నోరు విప్పి చెప్పదు. తెలిసిన తరువాత మాత్రం వాచ్యాన్ని మునుపటిలా చూడనివ్వదు. మెడియాను గుర్తించిన చూపరికి ఆ పెళ్లివెలుగు శుభప్రదంగా కనిపించడం మానుకొంటుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణను పరిశీలించాలి. చీకటి పాపానికి, వెలుగు పుణ్యానికి గుర్తులుగా ఐరోపా కళలో చిరకాలంగా ఉన్నాయి. మెడియా హంతకురాలు కాబోతున్నది. కనుక ఆమెను చీకటిలో పెట్టడం సంప్రదాయమే కదా, దానిలో సానుభూతిని వెదకడం నేటి పాఠకుని కోరిక కాదా అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. చిత్రంలో ఆ సంప్రదాయం లేదని చెప్పడానికి వీలులేదు. కాని దుష్టత్వాన్ని చూపదలచిన చిత్రకారునికి వేరే ఉపాయాలు ఎన్నో ఉన్నాయి. చెదరిన జుట్టు, వికృతమైన ముఖం, పాములు, మంత్రగత్తె పరికరాలు ఆ కాలపు చిత్రాలకు కొత్త కావు. రెంబ్రాంట్ వాటిని వాడలేదు. మెడియా రాజకుమార్తెకు తగిన ఉడుపులో ఉన్నది. ఆమె వస్త్రపు అంచు మోయడానికి మనిషి ఉన్నాడు. ఆమె దొంగలా దాగి లేదు. తన స్థానాన్ని మరొకరు తీసుకొన్న తరువాత మిగిలిన చోట నిలిచి ఉన్నది. పైగా వెలుగులో ఉన్నవారు నిర్దోషులు కారు. మాట తప్పినవాడు వెలుగులో ఉన్నాడు. కాబట్టి ఇక్కడ వెలుగును పుణ్యానికి గుర్తుగా చదవలేము. అది లోకం ఆమోదించిన దానికి గుర్తు.

1648 ఆమ్‌స్టర్‌డ్యామ్‌కు వేడుకల ఏడు అన్న సంగతి ఈ సందర్భంలో స్మరింపదగినది. స్పెయిన్‌తో ఎనభై ఏండ్ల యుద్ధం ఆ ఏడు మ్యూన్‌స్టర్ సంధితో ముగిసింది. డచ్చి గణరాజ్యానికి స్వాతంత్ర్యం లాంఛనంగా దక్కింది. నగరంలో కొత్త పురమందిర నిర్మాణం ఆ ఏడే మొదలైంది. వ్యాపారులు పాలకులుగా స్థిరపడిన ఆ సమాజానికి వేదికలు, ఊరేగింపులు, ప్రమాణాలు కొత్త గౌరవాన్ని తెచ్చిపెట్టాయి. యాన్ సిక్స్ ఆ వర్గానికి చెందినవాడే. చాలాకాలం తరువాత 1691లో నగర పాలకులలో ఒకడయ్యాడు. అంతకు ముందు ఏడు, 1647లో, రెంబ్రాంట్ అతని రూపాన్ని కూడా ఎచింగ్‌గా చేశాడు. కిటికీకి ఆనుకొని నిలిచి చదువుకొంటున్న సిక్స్ ముఖం మీద, చేతిలోని కాగితాల మీద వెలుగు పడుతుంది. గది అంతా మెత్తని నీడలో ఉంటుంది. అక్కడి వెలుగు స్నేహపూర్వకమైనది, ఆలోచనకు అనుకూలమైనది. ఒక్క ఏడాది తేడాతో, అదే మిత్రుని పుస్తకం కోసం చేసిన చిత్రంలో అదే కళాకారుడు వెలుగును సందేహించాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, రెంబ్రాంట్‌కు వెలుగు ఒక అలవాటు కాదనీ, ప్రతి చిత్రానికీ దాని అర్థాన్ని అతడు మళ్లీ నిర్ణయించుకొన్నాడనీ తెలుస్తుంది.

భారతీయ చిత్రకళతో రెంబ్రాంట్‌కు ఉన్న పరిచయం ఇక్కడ ఒక పోలికకు దారి చూపుతుంది. 1656–1661 మధ్యకాలంలో అతడు మొగల్ సూక్ష్మచిత్రాలను చూసి ఇరవైకి పైగా రేఖాచిత్రాలు గీశాడు. వాటిలో జహంగీర్, షాజహాన్‌ల రూపాలున్నాయి. చెట్టు కింద కూర్చొన్న నలుగురు వృద్ధుల మొగల్ చిత్రమొకటి 1656 నాటి అతని ‘అబ్రహాం, దేవదూతలు’ ఎచింగ్ కూర్పుకు ఆధారమైంది. మొగల్ దర్బారు చిత్రాలలో వెలుగు సాధారణంగా అందరి మీదా సమానంగా పరుచుకొని ఉంటుంది. ఎవరి హోదా ఎంతో తెలిపేది వారు నిలిచిన స్థానం, సింహాసనానికి వారికి ఉన్న దూరం. నీడ ఎవరినీ దాచదు. రెంబ్రాంట్ ఆ రూపాలను ఎంతో గౌరవంతో అనుసరించినా, కాళ్ల దగ్గర, పక్కన కొంత నీడను చేర్చకుండా ఉండలేకపోయాడు. ఒక సంప్రదాయంలో దర్బారు చూపదలచినది మాత్రమే చిత్రంలోకి వస్తుంది. మరొకదానిలో దర్బారు చూపదలచనిది కూడా నీడ రూపంలో ప్రవేశించగలదు. ఇది ఏది గొప్ప అన్న ప్రశ్న కాదు. నీడను ఒక సాక్ష్యంగా వాడుకొనే అవకాశం రెంబ్రాంట్ కళకు ఎక్కడినుంచి వచ్చిందో ఈ పోలిక వల్ల స్పష్టపడుతుంది.

చిత్రాన్ని ఇంతవరకు చదివినవాడు చిత్రకారుణ్ని బాధితుల పక్షపాతిగా భావించడం సహజం. చరిత్ర దానికి సులభంగా ఒప్పుకోదు. రెంబ్రాంట్ భార్య సాస్కియా 1642లో చనిపోయింది. చంటిబిడ్డ టైటస్‌ను పెంచడానికి గీర్త్యే డిర్క్స్ అనే వితంతువు ఆ ఇంటికి వచ్చింది. తరువాత ఆమె రెంబ్రాంట్‌తో సహజీవనం చేసింది. సాస్కియా నగలు కొన్ని ఆమెకు దక్కాయి. 1640ల చివర హెండ్రిక్యే స్టోఫెల్స్ అనే యువతి ఆ ఇంట చేరింది. గీర్త్యే స్థానం పోయింది. 1649లో, అంటే మెడియా చిత్రానికి మరుసటి ఏడు, రెంబ్రాంట్ తనను పెళ్లాడతానని మాట ఇచ్చి తప్పాడని ఆమె వివాహవ్యవహారాల అధికారుల ముందు ఫిర్యాదు చేసింది. వారు ఆమెకు ఏటా 200 గిల్డర్లు ఇవ్వవలసిందిగా తీర్పు చెప్పారు. 1650లో ఆమెను గౌడా పట్టణంలోని దిద్దుబాటు గృహంలో నిర్బంధించారు. అందుకు రెంబ్రాంట్ సహకరించాడు, ఖర్చూ భరించాడు. 1655లో గాని ఆమె బయటికి రాలేదు.

ఈ వృత్తాంతాన్ని ఆధారం చేసుకొని చిత్రాన్ని ఆత్మకథగా చదవడం తప్పు. చిత్రం ముందు వచ్చింది, వ్యాజ్యం తరువాత వచ్చింది. నాటకం మిత్రునిది, కథ పురాణానిది. కాని రెండింటినీ ఎరిగిన పాఠకుడు ఒకదానిని మరచి రెండవదానిని చూడలేడు. పక్కకు నెట్టబడిన స్త్రీ ఏ మూల నిలుస్తుందో, ఆమె మీద వెలుగు ఎందుకు పడదో రెంబ్రాంట్ చేతికి తెలుసు. ఆ చేయి రాగి మీద ఓపికతో ఆమెను నిలిపింది. అదే చేయి రెండేళ్లకు ఆమె వంటి మరొక స్త్రీని నిర్బంధ గృహానికి పంపే ఏర్పాట్లకు తోడ్పడింది. కళలోని దయ కళాకారుని జీవితానికి హామీ పత్రం కాదు. అట్లే, జీవితంలోని కాఠిన్యం వల్ల కళలో కనబడిన సత్యం అబద్ధమైపోదు. గీర్త్యే కథ నేడు తెలియడానికి కారణం ఆమె ఫిర్యాదు, సాక్ష్యాలు, తీర్పు కాగితాల మీద మిగలడమే. మెడియాకు చిత్రకారుడు దొరికాడు. గీర్త్యేకు దస్తావేజులు మాత్రమే దొరికాయి.

ఈ ఎచింగ్ ముద్రలు నేడు ఐరోపా, అమెరికా ఖండాలలోని ప్రధాన సంగ్రహాలలో ఉన్నాయి. దానిని మొదటిసారి చూసేవారు పెళ్లినే చూస్తారు. చిత్రకారుడు కోరినదీ అదే. పేరు చదివి, ‘మెడియా ఎక్కడ?’ అని అడుగుకొన్న తరువాతనే చూపు మెట్లు దిగి కుడివైపు మూలకు చేరుతుంది. అక్కడ గీతలు దట్టంగా ఉన్నందున ఆమె రూపం విడివడడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయాన్ని చూపరి ఇవ్వాలి. వేదిక మీద ఉన్నవారెవరూ ఆమెకు ఇవ్వలేదు.